సుత్తి ముట్టని రోజు

మా ఆయన అప్పలరాజు స్టీలు కంపెనీలో ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టు మీద, ఫిట్టరు. పనిలో తను బిగించే బేరింగులు తిరగలి రాళ్ళంత ఉంటాయని చెబుతాడు. నేను చూడలేదు గాని నమ్ముతాను. అంతంత బేరింగులు బిగించిన మనిషి నా స్కూటీ ముందు చక్రానికి అరచేతిలో పట్టే బేరింగు బిగించలేకపోయాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఆయన రచ్చ గెలిచి వచ్చి ఇంట్లో బోర్లా పడే రకం.

ఇంకెప్పుడైనా అయితే నవ్వి ఊరుకుందును. కాని విశ్వకర్మ పూజ మర్నాడు పొద్దున్న ఏడున్నరకి నేను టెల్కో కాలనీ అవతల ట్రక్కుల కంపెనీ గేటు దగ్గర ఉండాలి. ఆడవాళ్ళతోనే నడిపే కొత్త అసెంబ్లీ లైను కోసం తీసుకున్నవాళ్ళలో నా పేరుంది. శిక్షణ అయిపోయింది, నీలం చొక్కా ఇచ్చారు, బూట్లు ఇచ్చారు. మొదటి రోజు గేటు దగ్గర పేర్లు పిలుస్తారనీ, పలకనివాళ్ళ పేరు కొట్టేసి కాచుకున్న వాళ్ళలోంచి ఇంకొకర్ని లోపలికి తీసుకుంటారనీ శిక్షణ ఇచ్చిన సారు మరీ మరీ చెప్పాడు. అలా కాచుకున్నవాళ్ళు ఎందరున్నారో నాకు తెలుసు. మొన్నటిదాకా నేనూ వాళ్ళలోనే ఉన్నాను.

మేముండేది ఊరికి ఈ చివర, పర్సుడీహ్‌లో. ఆ గేటుకి ఇక్కణ్ణించి నేరుగా ఆటో లేదు, రెండు చోట్ల మారాలి. పైగా పూజ రాత్రి ఆటో స్టాండు పందిట్లో పాటలు పెట్టుకుని గంతులేసిన డ్రైవర్లు మర్నాడు ఎండెక్కితే గాని కళ్ళు తెరవరు. ఎవరి బండైనా అరువు అడుగుదామంటే వీధిలో ప్రతి బండికీ దండ వేసి ఉంటుంది. పందిట్లో విశ్వకర్మ బొమ్మ నిమజ్జనానికి కదిలేదాకా దాన్ని ఎవరూ కదపరు. కాబట్టి నా స్కూటీయే నాకు దిక్కు.

ఆ స్కూటీ ముందు చక్రం వారం నుంచి గుర్రుమంటోంది. మలుపులో బండ్లు బాగుచేసే మిస్త్రీకి ఇచ్చేద్దాం అన్నాను. "చీ, దీనికి మిస్త్రీ ఏటి? నానున్నాను కదా" అన్నాడు మా ఆయన. చక్రం ఊడదీశాడు, పాత బేరింగు పీకాడు, కొత్తది పెట్టి సుత్తితో మొదలెట్టాడు. బేరింగుకి రెండు రింగులుంటాయి, బయటొకటి, లోపలొకటి, మధ్యలో గుండ్లు. చక్రం నడుమ హబ్బు గూట్లో బిగుతుగా కూర్చోవలసింది బయటి రింగు. కాబట్టి దెబ్బ పడితే దాని మీద పడాలి. ఈయన లోపలి రింగు మీద వేశాడు. బేరింగు వంకరగా దిగింది. దాన్ని మళ్ళీ పీకి వేలు పెట్టి తిప్పితే ఇసుక నమిలినట్టు చప్పుడు. అది చెత్తలోకి పోయింది.

మాటలు కోటలు దాటుతాయి అని నేను అన్నాను. ఆయన విననట్టు చొక్కా తగిలించుకుని జుగ్సలాయ్ బజారుకి వెళ్ళి ఇంకొకటి కొనుక్కొచ్చాడు. అప్పటికే పొద్దుపోయింది. "రేపు సెలవే కదా, నిమ్మళంగా కొడతాను" అని పొట్లం కిటికీలో పెట్టి పడుకున్నాడు. రేపు అంటే పూజ. ఆ సంగతి ఇంట్లో ఒక్క మనిషికి మాత్రమే బాగా గుర్తుంది.

ఆ మనిషి మా అత్త సన్యాసమ్మ. మా నాన్నకి స్వయానా అక్క, కాబట్టి నన్ను కోడలిగా కన్నా ముందు తమ్ముడి గుంటగానే ఎరుగును. పూజనాడు నేను లేచేసరికి ఆవిడ స్నానం అయిపోయింది. గోడవార పీట మీద విశ్వకర్మ పటం, దాని ముందు ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ కడిగి తుడిచి వరసగా పేర్చి ఉన్నాయి. సుత్తి, స్పానర్లు, ప్లయరు, ఆకురాయి, సైకిలు పంపు. అన్నిటికీ పసుపు, కుంకుమ. చక్రం ఊడిన నా స్కూటీకి మాత్రం బొట్టూ దండా లేవు. వాటి మధ్యలో పొట్లం విప్పేసిన నా బేరింగు. దాని నడుమ కంతలో బంతిపువ్వు గుచ్చి ఉంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

"అత్తా, బేరింగు ఎందుకెట్టేవు? ఇవాళ బిగించాల కదా."

"ఇయాల ఏటీ బిగించీది నేదు. పనిముట్లన్నిటికీ ఇయాల సెలవు. రేపు ఉద్వాసన సెప్పినాక తియ్యండి."

"రేపు ఎప్పుడు?"

"పందిట్లో బొమ్మ కదిలినాక."

పందిట్లో బొమ్మ పది దాటితే గాని కదలదు. నేను మా ఆయన్ని లేపాను. ఆయన వచ్చి పీటనీ నన్నూ చూసి, గొంతు తగ్గించి, "టెన్షన్ మత్ లే, కంగారు పడకు. అమ్మ పందిరికెల్లినప్పుడు ఠక్కుమని కొట్టీసి మళ్ళీ అక్కడే ఎట్టీద్దుం" అన్నాడు. మా అత్తకి చెవులు పాము చెవులు.

"ఒరే అప్పలరాజూ, మీ అయ్యకి కన్ను ఎలగ పోనాదిరా?"

ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా మావ ముసలయ్య కూడా ఫిట్టరే. నా పెళ్ళికి ముందెప్పుడో, ఒక విశ్వకర్మ పూజనాడు అప్పటి ఠేకేదారు మనిషిని పంపి పిలిపించాడు. ఏదో మిషను ఆగిందట. మా అత్త వద్దంది. మావ వెళ్ళాడు. బేరింగు మీద సుత్తి వేస్తే ఇనుప పెచ్చు లేచి కుడికంట్లో దిగింది. ఆ కన్ను మళ్ళీ చూడలేదు. చనిపోయేదాకా మనిషి మెడ పక్కకి తిప్పి చూసేవాడు. పూజనాడు పనిముట్టు ముడితే ఇలాగే అవుతుందని మా అత్త నమ్మకం. శిక్షణలో మాకు మొదటి రోజే చెప్పింది వేరు. బేరింగు ఇనుము గట్టిది, సుత్తి ఇనుమూ గట్టిదే, ఆ రెండూ కొట్టుకుంటే ఏ రోజైనా పెచ్చు లేస్తుంది, నేరుగా సుత్తి వేయకండి అన్నారు. ఆ మాట అత్తకి చెప్పబోయి మానేశాను. కన్ను పోగొట్టుకున్నవాడి పెళ్ళానికి పాఠం చెప్పేదాన్ని కాను.

అయినా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఆవిడ మీద కోపం, ఆయన మీద అంతకన్నా కోపం. రెండ్రోజుల ముందు ఆ చక్రం మిస్త్రీ చేతిలో పెట్టి ఉంటే ఈ గొడవే లేదు. పేరు కొట్టేయించుకుని మళ్ళీ ఇంట్లో కూర్చోవలసి వస్తే నేను ఎవరి మొహం చూస్తాను? శిక్షణకి వెళ్ళినన్నాళ్ళూ వీధిలో ఆడవాళ్ళు, "ట్రక్కులు సేత్తాదట, సూద్దుం" అని మూతులు తిప్పారు. వాళ్ళు ఎదురుచూస్తున్నది ఇదే.

మిరపకాయలు కొరుక్కుంటున్నట్టు మొహం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. నైవేద్యానికి పులిహోర చెయ్యాలి. గ్యాసు పొయ్యి నుదుట ఎర్రటి బొట్టు. ఫ్రిజ్జు తలుపుకి బొట్టు. మిక్సీకి బొట్టు, ఇస్త్రీ పెట్టెకి బొట్టు.

"ఒలే, బియ్యం కడిగేవా?" అని అత్త కేకేసింది.

అప్పుడు వెలిగింది నాకు. ముందు కోపంగా వెలిగింది.

"అత్తా! పనిముట్లన్నిటికీ సెలవన్నావు. పొయ్యికి బొట్టెట్టేవు. మరి పొయ్యికి సెలవు నేదేటి?"

"పొయ్యికి సెలవిత్తే నీ మొగుడేటి తింతాడే?"

"అంటే మగోళ్ళ సుత్తికి సెలవు. ఆడోళ్ళ పొయ్యికి నేదు."

"నీతో వాదన నాకేల? ఎప్పుట్నించో అంతే. పొయ్యికీ ఫ్రిజ్జుకీ పట్టింపు నేదు."

"పట్టింపు నేదు కదా? బాగా ఆలోచించి సెప్పు."

"నేదన్నాను కదా!"

నేను చేతులు తుడుచుకుని వచ్చి ఆవిడ ముందు కూర్చున్నాను. చెప్పాలనుకున్నది నెమ్మదిగా చెప్పాను. ఇనుము చల్లబడితే పిసరు ముడుచుకుంటుంది, వేడెక్కితే పిసరు సాగుతుంది. బేరింగుని ఫ్రిజ్జులో మంచుగడ్డలు చేసే అరలో పెడతాను. హబ్బుని పొయ్యి మీద మరిగించిన నీళ్ళతో కాపడం పెడతాను. గూడు పెద్దదవుతుంది, బేరింగు చిన్నదవుతుంది. సుత్తి అక్కర్లేదు, చేత్తో పెడితే కూర్చుంటుంది. పొయ్యి, ఫ్రిజ్జు, నా చెయ్యి. ఈ మూడింట్లో దేనికీ సెలవు లేదని ఇప్పుడే నువ్వన్నావు.

మా ఆయన గుమ్మంలో నిలబడి, "అవునమ్మా, పనిలో పెద్ద బేరింగులు మేమూ వేడి సేసే ఎక్కిత్తాం" అన్నాడు.

"మరి నిన్న ఇంట్లో సుత్తెందుకు ఎత్తేవు?" అని అడిగాను.

"ఇంత సిన్నదానికి ఎవడు వేడి సేత్తాడు!" అన్నాడు.

మా అత్త చాలాసేపు పటం కేసి చూసింది. తర్వాత షరతులు మొదలెట్టింది. సుత్తి ముట్టకూడదు. స్పానరు ముట్టకూడదు. దెబ్బ అన్నది పడకూడదు, చేత్తో అయినా సరే. ఆ ఫ్రిజ్జు అరలో ఆదివారం నాటి చేపలున్నాయి, పూజలో ఉన్న వస్తువు వాటి పక్కన పెట్టకూడదు. అన్నిటికీ సరేనన్నాను. చేపల సంచీ పక్కింటి సోనీ వాళ్ళ ఫ్రిజ్జులోకి వెళ్ళింది. "బేరింగ్ కే లియే మఛ్లీ నికాల్ దీ, భాభీ?" అని, బేరింగు కోసం చేపల్నే బయటికి గెంటేశావా అంటూ ఆమె పగలబడి నవ్వింది. అర తుడిచాను. మా అత్త బంతిపువ్వు తీసి పక్కన పెట్టి, బేరింగుని రెండు చేతులతో ఎత్తి నా చేతుల్లో పెట్టింది. "ఇది పనిముట్టు కాదు, సరుకు. అందికే ఇత్తన్నాను" అంది, నాకు కాదు, పటానికి. అది రెండు పక్కలా రబ్బరు మూత ఉన్న రకం కాబట్టి కుంకుమ లోపలికి పోలేదు. పైన తుడిచి, ప్లాస్టిక్ సంచీలో చుట్టి అరలో పెట్టాను.

పులిహోర నైవేద్యం అయింది, భోజనాలు అయ్యాయి. ఎండ వాలాక చక్రాన్ని వాకిట్లో రెండు ఇటుకల మీద పడుకోబెట్టాను. టైరు ఉంది కాబట్టి మంట చూపించడానికి లేదు. పాత లుంగీ చింపి, మరిగే నీళ్ళలో ముంచి పట్టకారుతో తీసి హబ్బు చుట్టూ చుట్టాను. పట్టకారు పనిముట్టా అని అత్త అడగలేదు, అది వంటింటిదే. గుడ్డ చల్లారితే తీసి ఇంకొకటి. మా ఆయన గిన్నెలు మోశాడు. ఆ పని మాత్రం బాగానే చేశాడు. ఎదురింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి, చక్రానికి జ్వరమొచ్చిందా అని అడిగారు.

హబ్బు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక గూడు పొడిగా తుడిచాను. "తే!" అన్నాను. మా ఆయన ఫ్రిజ్జు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు. బేరింగు మీద అప్పుడే చెమట పట్టింది. అదీ తుడిచి గూటి మీద పెట్టాను. జారింది. సగం జారి, ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది. బొటనవేళ్ళతో నొక్కాను. కదల్లేదు.

చల్లనిది వేడెక్కుతోంది, వేడిది చల్లారుతోంది. ఇక్కడే బిగుసుకుపోతే ఇంక సుత్తి లేకుండా ఎటూ రాదు. మా ఆయన వంటింట్లోకి వెళ్ళి చపాతీ కర్ర పట్టుకొచ్చాడు. "ఇది పనిముట్టు కాదు కదా. ఒక్కటి, మెల్లిగా."

"దెబ్బ దెబ్బేరా!" అని మా అత్త లేచి నిలబడింది. నేను తల ఎత్తి చూస్తే ఆవిడ చక్రం కేసి చూడటం లేదు, నా కళ్ళ కేసి చూస్తోంది.

"అవతలెట్టు బావా. మరుగుతున్న నీళ్ళు తే" అన్నాను.

గుడ్డ మళ్ళీ ముంచి హబ్బుకి చుట్టాను. బేరింగు మీదికి మాత్రం నీళ్ళు పోనివ్వలేదు. మంచుగడ్డలు సంచీలో వేసి దాని మీద పెట్టాను. కింద కాపడం, పైన మంచు. రెండు గుడ్డలు మార్చాక సంచీ తీసి, ఎత్తుగా ఉన్న పక్క వేలితో అలా ఒత్తాను. బేరింగు చదునైంది. చదునై, ఎవరూ ముట్టుకోకుండానే కిందికి దిగి టక్కుమంది. అంతే. వేలు పెట్టి తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. మా ఆయన కేకేశాడు. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

మా అత్త దగ్గరికి వచ్చి వంగి చూసింది. "దిగిపోనాదా?"

"దిగిపోయింది అత్తా."

"దెబ్బ నేకుండానే?"

"నువ్వు చూసేవు కదా."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ మావని పిలిసిననాడు అందరూ బేగి కొట్టు, బేగి కొట్టు అన్నవోళ్ళే. నీళ్ళు మరిగిద్దుం అన్నవోడు ఒక్కడు నేడు" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మీద పొద్దుటి నుంచీ పెంచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు.

కాని పని అవలేదు. చక్రం బండికి తగిలించి ఇరుసు దూర్చాక నట్టు బిగించాలి. దానికి పొయ్యీ ఫ్రిజ్జూ పనికిరావు. స్పానరు కావాలి. స్పానరు పటం ముందు ఉంది. రాత్రి అన్నం తింటూ, "రేపు బొమ్మ కదలక ముందే ఉద్వాసన చెప్పెయ్యి అత్తా" అన్నాను. "తెల్లారనీ" అంది.

తెల్లవారకుండానే మా ఆయన మొదటి షిఫ్టు బస్సుకి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి, "కోపముంటే సాయంత్రం తిట్టు. ఇప్పుడు మాత్రం ఎలాగైనా ఎల్లు" అన్నాడు. నేను నీలం చొక్కా వేసుకుని, బూట్లు కట్టుకుని వాకిట్లోకి వచ్చాను. చక్రం ఎత్తి బండికి ఆనించి, ఇరుసు దూర్చి, బ్రేకు తీగ చేత్తోనే తగిలించాను. నట్టు వేళ్ళతో తిరిగినంత తిప్పాను. ఇంక తిరగలేదు. వేళ్ళతో తిప్పిన నట్టుతో బండి నడిపితే బాగ్‌బేరా మలుపు దాటక ముందే చక్రం ఒక దారి, నేనొక దారి.

లోపలికి వచ్చాను. మా అత్త తడి జుట్టుతో పటం ముందు నిలబడి ఉంది. పందిట్లో పాటలు ఆగిపోయాయి, బొమ్మ అక్కడే ఉంది.

"అత్తా, ఇంక టైము లేదు. ఉద్వాసన చెప్పెయ్యి. లేకపోతే చెప్పకపో. నేను తీసేసుకుంటాను" అన్నాను. గట్టిగానే అన్నాను. చెయ్యి చాచాను కూడా.

ఆవిడ నా చెయ్యి కొట్టి పక్కకి తోసింది. "నువ్వు ముట్టుకోకు."

"అత్తా..."

"ముట్టుకోకన్నానా! ఊరి బొమ్మ కదలకుండా నా బొమ్మని నాను కదపను." పటానికి దణ్ణం పెట్టి, వంగి, పసుపు కుంకుమతో ఉన్న స్పానరు తనే ఎత్తింది. ఎలా పట్టుకోవాలో ఆవిడకి తెలియదు. గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది. "ఏ బోల్టో సూపించు."

వాకిట్లోకి వచ్చి బండి పక్కన చతికిలబడింది. నేను నట్టు చూపించాను. స్పానరు దానికి తగిలించడానికే చాలాసేపు పట్టింది. నేను చెయ్యి సాయం పెట్టబోతే మోచేత్తో నెట్టేసింది.

"ఎటు తిప్పాల?"

"కుడికి."

"నా కుడికా, బండి కుడికా?"

"గడియారం ముల్లు తిరిగినట్టు అత్తా."

తిప్పింది. తీసి మళ్ళీ పెట్టి తిప్పింది. కొంగుకి నల్లటి జిడ్డు అంటుకుంది. నట్టు బిగుసుకొచ్చాక రెండు చేతులూ స్పానరు మీద వేసి ఒళ్ళంతా దాని మీద వాల్చింది. ఆయాసంతో రొప్పుతోంది.

"ఎందుకత్తా నీకీ పట్టింపు? నన్ను చెయ్యనీ" అన్నాను.

"దోసం ఉంతే నాకు తగల్నీ. నాను ముసిల్దాన్ని. నువ్వు పన్లోకెల్తన్న గుంటవి. నీకు రెండు కళ్ళూ గావాల."

ఇంకో పట్టు పట్టింది. స్పానరు కదల్లేదు. "బిగిసినాదా?" అంది. నేను చక్రం పట్టుకుని ఊపి చూశాను. బిగిసింది అన్నాను. అప్పుడు లేచి, స్పానరు కడిగి, తుడిచి, తీసుకెళ్ళి పటం ముందు దాని చోట్లో పెట్టేసింది.

దారి పొడుగునా ముందు చక్రం కేసి చూస్తూనే నడిపాను. అది చప్పుడు చేయలేదు. నా కళ్ళు మాత్రం ఊరికే నీళ్ళు పెట్టుకున్నాయి. గేటు దగ్గర బండి నిలిపి మొదట నట్టు తడిమి చూశాను, తర్వాతే వరసలో నిలబడ్డాను. పేర్లు పిలుస్తున్నారు. "దేవి" అన్నారు. "ఉన్నాను సార్" అని అవసరమైన దానికన్నా గట్టిగా అరిచాను. ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది.

మధ్యాహ్నం టిఫిను వేళ ఇంటికి ఫోను చేశాను. మా అత్త ఫోను ఎప్పుడూ సరిగ్గా ఎత్తదు, మోగీ మోగీ ఆగిపోతుంది. ఆ రోజు మొదటి మోతకే ఎత్తింది.

"ఎల్లిపోనావా? లోపలికి రానిచ్చేరా?"

"రానిచ్చేరు అత్తా. పేరు పిలిచేరు."

"నీకేటీ అవనేదు కదా?"

"లేదత్తా. నీకో?"

ఫోను చెవికి గట్టిగా ఆనించాను. వెనకాల కుక్కరు కూత లేదు, కత్తిపీట చప్పుడు లేదు. పొద్దుటి నుంచీ ఆవిడ ఏ పనీ ముట్టుకోకుండా కూర్చుని ఉందని అర్థమైంది.

"నాకా? నాకింకా ఏటీ అవనేదు" అంది మా అత్త. "సాయంత్రం దాకా సూడాల. ఫోనెట్టీసి నీ పని సూసుకో."